స్కూలు చూసి ఇల్లు కొనాలా? డాలస్‌లో ఇళ్ళకు విలువ కట్టే మనిషిగా నా సమాధానం

మీరు అడిగింది నాకు అర్థమైన మేరకు ఇదీ. డాలస్ పక్కనున్న ఇర్వింగ్‌లో అపార్ట్‌మెంట్‌లో అద్దెకు ఉంటున్నారు. బాబుకు నాలుగేళ్ళు, వచ్చే ఆగస్టులో కిండర్‌గార్టెన్. పాపకు ఏడాది. ఒకే ధరలో రెండు ఇళ్ళు చూశారు. ఒకటి కోపెల్ ఐఎస్‌డీలో తొంభైల్లో కట్టిన పాత ఇల్లు (ఐఎస్‌డీ అంటే ఒక ప్రాంతంలోని పబ్లిక్ స్కూళ్ళను నడిపే స్కూల్ డిస్ట్రిక్ట్). రెండోది డాలస్‌కు ఉత్తరాన సెలైనా వైపు బిల్డర్ కొత్తగా కడుతున్నది, ఒక బెడ్‌రూమ్, మీడియా రూమ్ ఎక్కువ. "రేటింగ్ పది ఉన్న స్కూలు జోన్‌లోనే కొను, రేపు అమ్మినా డబ్బు పోదు" అని స్నేహితులంతా అంటున్నారు. అది నిజమేనా అన్నది మీ ప్రశ్న.

నేను డాలస్ చుట్టుపక్కల పద్నాలుగేళ్ళుగా రెసిడెన్షియల్ అప్రైజర్‌గా పనిచేస్తున్నాను. బ్యాంకు అప్పు ఇచ్చే ముందు ఆ ఇల్లు ఆ ధర చేస్తుందో లేదో కొలిచి, పోల్చి రిపోర్టు రాసే పని నాది. ఇద్దరు పిల్లల్నీ ఇక్కడి పబ్లిక్ స్కూళ్ళలోనే చదివించాను. కాబట్టి రెండు వైపుల నుంచీ చెప్పగలను.

స్కూలు వల్ల ఇంటి ధర పెరగడం నిజమే. కానీ మీ స్నేహితులు అనుకునేంత కాదు. పైగా ఆ ఎక్కువ డబ్బు మనం కడుతున్నది స్కూలు బిల్డింగుకో టీచర్లకో కాదు, ఏ ఇంటి పిల్లలు ఏ స్కూలుకో తేల్చడానికి మ్యాపు మీద గీసిన ఒక గీతకు. ఆ గీత ఎప్పటికీ అక్కడే ఉంటుందని ఎవరూ రాసివ్వరు.

మన దగ్గర హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఇంటికీ స్కూలుకీ ఇలాంటి ముడి లేదు. కూకట్‌పల్లిలో ఉంటూ గచ్చిబౌలి స్కూలుకు పంపొచ్చు. సీటు దొరకాలి, ఫీజు కట్టగలగాలి, బస్సు మన దారిలో రావాలి, అంతే. ఇక్కడ పబ్లిక్ స్కూలుకు ఫీజు లేదు, మీ అడ్రసే మీ సీటు. అక్కడ ఏటా ఫీజుగా కట్టే డబ్బు ఇక్కడ ఇంటి ధరలో కలిసిపోతుంది. దాన్ని ముప్ఫయ్యేళ్ళ అప్పులో, వడ్డీతో సహా కడతాం. పిల్లలు స్కూల్లో లేని ఏళ్ళలో కూడా కడుతూనే ఉంటాం. కొత్తగా వచ్చినవాళ్ళు ముందుగా ఒంటబట్టించుకోవలసింది ఇదే.

రెండో సంగతి, ఊరి పేరు చూసి స్కూలు అనుకోకండి. ఊరి హద్దు వేరు, స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు వేరు. ఫ్రిస్కో అడ్రస్ ఉన్న ఇళ్ళన్నీ ఫ్రిస్కో ఐఎస్‌డీలోకి రావు. కొన్ని ప్రాస్పర్‌కి, కొన్ని లిటిల్ ఎల్మ్‌కి, కొన్ని లూయిస్‌విల్ ఐఎస్‌డీకి వెళ్తాయి. ప్లేనో, మెకిన్నీల్లో కొన్ని కాలనీలు మళ్ళీ ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఉంటాయి. మీరున్న ఇర్వింగ్‌లో అయితే ఇర్వింగ్ ఐఎస్‌డీ, కోపెల్ ఐఎస్‌డీ, క్యారల్టన్ ఫార్మర్స్ బ్రాంచ్ ఐఎస్‌డీ మూడూ ఉన్నాయి. వ్యాలీ రాంచ్‌లో కొంత భాగం కోపెల్‌ది. మీ అపార్ట్‌మెంట్ ఏ డిస్ట్రిక్ట్‌లో ఉందో మీ ప్రశ్నలో రాయలేదు. ఒకవేళ ఇప్పటికే కోపెల్‌లో ఉంటే, మీరు ఇంత టెన్షన్ పడుతున్న స్కూలు సీటు మీ చేతిలోనే ఉంది. ఆ డిస్ట్రిక్ట్ వెబ్‌సైట్‌లో అడ్రస్ కొట్టి చూసుకునే పేజీ ఉంటుంది. ఈ సమాధానం మిగతాది చదివే ముందు అది చూసుకోండి.

ఇప్పుడు ధర సంగతి. కొన్నేళ్ళ కింద ఒక వీధిలో ఇల్లు అప్రైజ్ చేశాను. ఆ వీధి మధ్యలోంచే రెండు డిస్ట్రిక్ట్‌ల హద్దు వెళ్తుంది. రెండు వైపులా ఒకే బిల్డర్, ఒకే ప్లాన్, ఒకే ఏడాది కట్టినవి, ఇటుక రంగు కూడా ఒకటే. నేను వెళ్ళిన ఇల్లు పేరున్న డిస్ట్రిక్ట్ వైపుది. లేజర్ మీటరుతో గదులు కొలుస్తుంటే ఆ ఇంటావిడ ప్యాంట్రీ తలుపు చట్రం చూపించింది. దాని మీద పెన్సిల్ గీతలు, ప్రతి ఆగస్టులో స్కూలు మొదలైన రోజున ఇద్దరు పిల్లల ఎత్తు, పక్కన తేదీ. చిన్నవాడి ఆఖరి గీత నా తలకన్నా పైన ఉంది. వాడు మే నెలలో హైస్కూల్ పూర్తి చేశాడు, జూన్‌లో ఇల్లు అమ్మకానికి పెట్టారు. "మాకింక ఈ వీధితో పనైపోయింది" అంది. కొంటున్న జంటకు చంటిబిడ్డ.

ఆ రిపోర్టు కోసం ఎదురువైపు అంతకు ముందే అమ్ముడైన అదే ప్లాన్ ఇంటితో పోల్చాను. తేడా ఉంది. ఒక మంచి కిచెన్ కొత్తగా చేయించుకోవడానికి అయ్యేంత తేడా. అంతకన్నా పెద్దది కాదు. రెండోసారి, మూడోసారి కూడా లెక్క చూసుకున్నాను, ఎందుకంటే నేను కూడా మీ స్నేహితుల్లాగే ఎక్కువ ఉంటుందని అనుకున్నాను.

ఇలా హద్దుకు అటూ ఇటూ ఉన్న ఇళ్ళను పోల్చే పద్ధతిని ఆర్థికశాస్త్రంలో వాడి పేరు తెచ్చుకున్నది శాండ్రా బ్లాక్. 1999లో అచ్చయిన ఆమె పరిశోధన బోస్టన్ శివారు ఊళ్ళ మీద చేసింది. ఎలిమెంటరీ స్కూలు పరీక్షల మార్కులు 5 శాతం ఎక్కువుంటే తల్లిదండ్రులు ఇంటికి సుమారు 2.5 శాతం ఎక్కువ ఇస్తున్నారని తేలింది. హద్దు పక్క ఇళ్ళను మాత్రమే తీసుకోకుండా ఊరంతా కలిపి లెక్కేస్తే ఆ ప్రభావం దాదాపు రెట్టింపుగా కనిపిస్తుందని కూడా ఆమె చూపించింది. ఎందుకంటే మంచి స్కూళ్ళున్న చోట పెద్ద ఇళ్ళు, చెట్లున్న వీధులు, ఆఫీసుకు దగ్గర దారి కూడా ఉంటాయి. వాటి ధరను కూడా మనం స్కూలు ఖాతాలో రాసేస్తాం. కోపెల్‌నే తీసుకోండి. డీఎఫ్‌డబ్ల్యూ ఎయిర్‌పోర్టు పక్కనే, లాస్ కొలినాస్ ఆఫీసులు దగ్గర, కొత్తగా కట్టడానికి ఖాళీ స్థలం పెద్దగా లేదు. రేపు ఆ స్కూళ్ళ పేరు కాస్త తగ్గినా ఇవి పోవు. కాబట్టి ఆ ఇంటి ధరలో ఎంత స్కూలుది, ఎంత ఆ చోటుది అని విడదీసి చూడండి.

రేటింగ్ పది గురించి. జిల్లో లాంటి యాప్‌లలో ఇంటి ఫొటోల కింద కనిపించే ఆ అంకె గ్రేట్‌స్కూల్స్ అనే సంస్థ ఇచ్చేది. అందులో పరీక్ష మార్కుల పాత్ర పెద్దది. మార్కులు తల్లిదండ్రుల చదువునూ ఆదాయాన్నీ బట్టి చాలా వరకు మారుతాయి. మన పిల్లలనే చూడండి. సాయంత్రం కూమాన్, శనివారం మ్యాథ్ క్లాసు, వేసవిలో స్పెల్లింగ్ బీ ప్రాక్టీస్. ఆ మార్కులన్నీ స్కూలు లెక్కలోకే పోతాయి. పది వచ్చిన స్కూలులో టీచర్లు బాగా చెబుతున్నారని కాదు, చెప్పడం లేదనీ కాదు. ఆ అంకె ఆ సంగతి తేల్చదు. ఏడాదిలో పిల్లలు ఎంత ముందుకు వెళ్ళారో చెప్పే ప్రోగ్రెస్ స్కోరు విడిగా ఉంటుంది, దాన్ని చూడండి. టెక్సస్ రాష్ట్రం కూడా స్కూళ్ళకు ఏ నుంచి ఎఫ్ వరకు గ్రేడ్‌లు ఇస్తుంది. కోర్టు కేసుల వల్ల 2023, 2024 గ్రేడ్‌లు ఆగిపోయి 2025లోగానీ బయటికి రాలేదు. ఆ మధ్యలో కూడా మంచి స్కూలనే పేరు మీద ఇళ్ళు అమ్ముడవుతూనే ఉన్నాయి. అంటే జనం నమ్మేది ఎక్కువగా పాట్‌లక్‌లో ఒకరికొకరు చెప్పుకునే మాటని.

మీ రియల్టర్ "ఈ స్కూలు బాగుంటుందా" అంటే సూటిగా చెప్పడం లేదని విసుక్కున్నారు. ఆయన్ని తప్పు పట్టకండి. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం కింద, కొనేవాళ్ళను ఒక రకం జనం ఉన్న చోటికి మళ్ళించినట్టు కనిపించే మాట అనకూడదు. స్కూలు మంచిదీ చెడ్డదీ అనడం ఆ కిందికి వస్తుందని వాళ్ళకు ట్రైనింగ్‌లోనే జాగ్రత్త చెబుతారు. ఇంటి అమ్మకం ప్రకటన (లిస్టింగ్) అడుగున స్కూళ్ళ వివరాలు కొనేవాళ్ళే సరిచూసుకోవాలని రాసి ఉంటుంది. ఆ లైను నిజంగా మీ కోసం రాసిందే.

ఇక గీత మారడం గురించి. ఇది నేను అనుభవించింది. మేం మొదటి ఇల్లు కొన్నప్పుడు ఎలిమెంటరీ స్కూలు నడిచి వెళ్ళేంత దూరం. కిచెన్ కిటికీలోంచి స్కూలు జెండా కనిపించేది. మా అమ్మాయి థర్డ్ గ్రేడ్‌లో ఉండగా డిస్ట్రిక్ట్ కొత్త స్కూలు కట్టి హద్దులు మార్చింది. ఒకరోజు రాత్రి స్కూలు క్యాఫెటీరియాలో మీటింగ్ పెట్టి గోడకు రంగుల మ్యాపులు అంటించారు. మా వీధి ఆకుపచ్చ రంగులోంచి పసుపులోకి వెళ్ళింది. వెనక వీధి ఆకుపచ్చలోనే ఉండిపోయింది. మా అమ్మాయి ప్రాణ స్నేహితురాలు ఆ వెనక వీధిలో ఉండేది.

ధర పడిపోతుందని ఆ రాత్రి మా కాలనీలో చాలామంది భయపడ్డారు, నేనూ భయపడ్డాను. ఆ ఏడాది, మరుసటి ఏడాది మా వీధిలో అమ్ముడైన ఇళ్ళన్నీ నా వృత్తి కళ్ళతోనే చూశాను. చెప్పుకోదగ్గ నష్టం కనిపించలేదు. డిస్ట్రిక్ట్ అదే కాబట్టి కొనేవాళ్ళు పట్టించుకోలేదు. కానీ మా అమ్మాయి ఆ ఏడాదంతా లంచ్‌లో ఒంటరిగా కూర్చుంది. అప్పటి నుంచీ అందరికీ ఒకటే చెబుతున్నాను. ఇంటి ధర ఎక్కువగా డిస్ట్రిక్ట్ పేరును పట్టుకుని ఉంటుంది, పిల్లల రోజులు మాత్రం ఆ ఒక్క స్కూలునూ అందులోని నలుగురు స్నేహితులనూ పట్టుకుని ఉంటాయి. ఈ రెంటినీ ఒకటే అనుకుని ఇల్లు కొంటే ఎక్కడో ఒకచోట బాధపడతాం.

ఇలా హద్దులు మారడం పెరిగే ఊళ్ళలో మామూలే. ఫ్రిస్కో జనాభా 2000లో 33,714. 2020 నాటికి 2,00,509. ఫ్రిస్కో ఐఎస్‌డీలో ఇప్పుడు పన్నెండు హైస్కూళ్ళు. కొత్తది తెరిచిన ప్రతిసారీ పాతవాటి జోన్‌లు కదిలాయి. మీరు చూస్తున్న సెలైనా వైపు ఇప్పుడు నడుస్తున్నది ఆ దశే. బిల్డర్ మోడల్ హోమ్‌లో గోడ మీది మ్యాపులో "స్కూలు స్థలం" అని ఒక ముక్క రంగు వేసి చూపిస్తారు. అది స్థలం మాత్రమే. అక్కడ స్కూలు లేవాలంటే కట్టడానికి డిస్ట్రిక్ట్ చేసే అప్పును బాండ్ ఎలక్షన్‌లో జనం ఓటేసి ఒప్పుకోవాలి, చుట్టుపక్కల సరిపడా పిల్లలు చేరాలి. అందాకా మీ బాబు బస్సెక్కి వేరే చోటికి వెళ్తాడు. మధ్యలో ఒకసారో రెండుసార్లో స్కూలు మారవచ్చు. కొందరు పిల్లలు దాన్ని ఇట్టే సర్దుకుంటారు. మీ బాబు ఎలాంటివాడో మీకే తెలుసు.

పాత ఊళ్ళలో జరిగేది దీనికి తిరగబడ్డ కథ. నాకు ఎక్కువ దిగులు కలిగించేది ఇదే, దీని గురించి మనవాళ్ళు మాట్లాడుకోవడం తక్కువ. స్కూళ్ళ పేరు మీద ఇళ్ళ ధరలు పెరుగుతాయి. పెరిగాక చిన్న పిల్లలున్న కుర్ర జంటలు అక్కడ కొనలేరు. ఉన్నవాళ్ళ పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోతారు, తల్లిదండ్రులు మాత్రం అదే ఇంట్లో ఉండిపోతారు. ఎలిమెంటరీ స్కూల్లో క్లాసులు ఖాళీ అవుతాయి. రాష్ట్రం డబ్బు ఇచ్చేది హాజరయ్యే పిల్లల లెక్కన, కాబట్టి డిస్ట్రిక్ట్ బడ్జెట్ బిగుసుకుంటుంది. చివరికి స్కూలు మూసేస్తారు. ప్లేనో ఐఎస్‌డీ 2024లో రెండు ఎలిమెంటరీలు, రెండు మిడిల్ స్కూళ్ళు మూసేయాలని ఓటేసింది. మీరు చూస్తున్న కోపెల్ ఐఎస్‌డీ కూడా అదే ఏడాది పింకర్టన్ ఎలిమెంటరీని మూసేయాలని తీర్మానించింది. ఇవి చెడ్డ డిస్ట్రిక్ట్‌లు కావు. మంచి పేరున్నందువల్లే అక్కడ ఇళ్ళు చిన్న కుటుంబాలకు అందకుండా పోయాయి. అందుకే పాత డిస్ట్రిక్ట్‌లో కొనేటప్పుడు మీ జోన్ ఎలిమెంటరీలో ఎన్ని సీట్లున్నాయి, ఎంతమంది పిల్లలున్నారు అన్నది తెలుసుకోండి. బోర్డు మీటింగ్ కాగితాల్లో ప్రతి స్కూలుకూ ఆ లెక్క ఉంటుంది, ఎవరైనా చదవొచ్చు. సగం ఖాళీగా ఉన్న స్కూలుకు రేటింగ్ పది ఉన్నా నేను జాగ్రత్త పడతాను.

ట్యాక్స్ గురించి కాస్త వివరంగా చెప్పాలి. మనవాళ్ళు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. టెక్సస్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు కాబట్టి ఆస్తి పన్ను బరువు. అందులో పెద్ద వాటా స్కూల్ డిస్ట్రిక్ట్‌దే. లిస్టింగ్‌లో అమ్మేవాళ్ళు కట్టిన ట్యాక్స్ చూసి మీ బడ్జెట్ వేసుకోకండి. సొంతానికి ఉండే ఇంటికి పన్ను వేసే విలువ ఏడాదికి 10 శాతానికి మించి పెరగకూడదని ఇక్కడ పరిమితి ఉంది. పదిహేనేళ్ళుగా ఉన్నవాళ్ళ విలువ ఆ పరిమితి వల్ల మార్కెట్ కన్నా కిందే ఉండిపోతుంది. 65 నిండినవాళ్ళకైతే స్కూలు పన్ను ఒక దగ్గర ఆగిపోతుంది. మీరు కొనగానే ఆ రక్షణలు పోతాయి, మరుసటి జనవరి 1 నుంచి మార్కెట్ విలువ మీద లెక్క మొదలవుతుంది. మీకు దొరికేది హోమ్‌స్టెడ్ మినహాయింపు, అంటే సొంతానికి ఉండే ఇంటి విలువలో కొంత భాగాన్ని పన్ను లెక్కలోంచి తీసేయడం. స్కూలు పన్ను లెక్కలో అది 2023లో లక్ష డాలర్లయింది, 2025 నవంబరు ఓటింగ్‌తో లక్షా నలభై వేలకు పెరిగింది. దానికి దరఖాస్తు పెట్టుకోవాలి, మర్చిపోకండి. కొత్త కాలనీల్లో వీటికి తోడు మడ్, పిడ్ అనే అదనపు పన్నులు ఉండొచ్చు. రోడ్లు, నీటి పైపులు వేసిన అప్పు తీరేదాకా అవి ఉంటాయి. సెలైనా ఇంటికి ఆ రెంటిలో ఏది ఉందో, ఎన్నేళ్ళు ఉందో కాగితం మీద అడగండి. ఒకే ధర అనుకున్న రెండు ఇళ్ళు నెలవారీ కట్టుబడిలో ఒకటి కాకపోవచ్చు.

ఇంకో మాట, ఎక్కువ పన్ను కడితే ఆ డబ్బంతా మన స్కూలుకే పోతుందని అనుకుంటారు. పోదు. ఆస్తి విలువ బాగా ఉన్న డిస్ట్రిక్ట్‌ల నుంచి కొంత డబ్బు వెనక్కి తీసుకుని పేద డిస్ట్రిక్ట్‌లకు ఇచ్చే పద్ధతి 1993 నుంచి ఉంది. ఇక్కడ దాన్ని రాబిన్ హుడ్ అంటారు. అది సరైన పనేనని నా అభిప్రాయం. పిల్లవాడి చదువు వాళ్ళ వీధిలో ఇళ్ళ ధరను బట్టి ఉండకూడదు.

సరే, ఒక లెక్క వేద్దాం. అంకెలు ఉదాహరణకే. మీకు కావలసిన జోన్‌లో అదే సైజు ఇల్లు బయటికన్నా 80,000 డాలర్లు ఎక్కువనుకోండి. 20 శాతం డౌన్ పేమెంట్ అంటే 16,000 చేతి నుంచి. మిగతా 64,000కు ఆరున్నర శాతం వడ్డీ, ముప్ఫయ్యేళ్ళు అంటే నెలకు సుమారు 405. ట్యాక్స్ 2 శాతం వేసుకుంటే ఇంకో 133. మొత్తం నెలకు 540 దాకా, ఏడాదికి ఆరున్నర వేలు. ఇద్దరు పిల్లలు పదహారేళ్ళ పాటు ఆ స్కూళ్ళు వాడుకుంటారంటే, ప్రైవేటు స్కూలు ఫీజుతో పోలిస్తే అది తక్కువే. అమ్మినప్పుడు ఆ ఎక్కువ ధరలో చాలా భాగం వెనక్కి కూడా రావచ్చు. అదే నాలుగేళ్ళలో ఉద్యోగం మారి వేరే రాష్ట్రం వెళ్తామనుకుంటే, కొనడానికీ అమ్మడానికీ అయ్యే ఖర్చులే ఆ లాభాన్ని తినేస్తాయి. మీరు హెచ్1బీ అని రాశారు. ఒక జీతం ఆగినా ఆరు నెలలు ఈఎంఐ కట్టగలమా అన్న లెక్క రేటింగ్ కన్నా ముందు వేసుకోవాలి. ఇంటి అప్పు గొంతు మీద కూర్చుని ఇద్దరూ రాత్రీ పగలూ పనిచేస్తుంటే, హోంవర్క్ పక్కన కూర్చునేవాళ్ళు ఎవరు? ఆ లోటు పది రేటింగ్ స్కూలు కూడా తీర్చలేదు.

హైస్కూలు దాకా ఆలోచించేవాళ్ళు ఒకటి గమనించాలి. క్లాసులో పై ర్యాంకుల వాళ్ళకు ప్రభుత్వ యూనివర్సిటీల్లో నేరుగా సీటు ఇవ్వాలని టెక్సస్‌లో 1997లో చట్టం తెచ్చారు. మొదట పై పది శాతం. ఆస్టిన్‌లోని యూటీకి అది తగ్గుతూ వచ్చి 2026 అడ్మిషన్లకు 5 శాతమైంది. ఐదు వందల మంది ఉన్న క్లాసులో అది పాతిక మంది. అందరూ మన పిల్లల్లాగే చదివే స్కూల్లో ఆ పాతికలో పడటం ఎంత కష్టమో మీరే ఊహించుకోండి. అలాంటి స్కూళ్ళలో నైన్త్ గ్రేడ్ నుంచే పిల్లలు ర్యాంకు గురించి నిద్రపోకుండా ఉండటం చూశాను. మంచి స్కూలు ఒకటి ఇస్తుంది, ఒకటి తీసుకుంటుంది. మీ బాబుకు నాలుగేళ్ళే కాబట్టి ఆ లోపు నియమాలు మళ్ళీ మారొచ్చు. దీని కోసం ఇప్పుడు ఇల్లు ఎంచుకోవద్దు.

నా అభిప్రాయం అడిగారు కాబట్టి చెబుతున్నాను. పదేళ్ళు కదలకుండా ఉండగలమన్న నమ్మకం ఉంటే కోపెల్ పాత ఇల్లు వైపు మొగ్గుతాను, స్కూలు కన్నా ఆ చోటు వల్ల. కానీ ఇన్‌స్పెక్షన్‌లో ఫౌండేషన్, రూఫ్, ఏసీ, నీళ్ళ పైపులు గట్టిగా చూపించుకోండి. ఇక్కడి బంకమట్టి ఎండకు కుంచించుకుపోయి వానకు ఉబ్బుతుంది, ముప్ఫయ్యేళ్ళ ఫౌండేషన్ స్లాబ్ మీద దాని గుర్తులు ఉంటాయి. నమ్మకం లేకపోతే మూడో దారి ఉంది, మీ స్నేహితులెవరూ చెప్పనిది. ఆ జోన్‌లోనే ఒక ఏడాది అద్దెకు దిగండి. స్కూలుకు మీరు ఓనరా, అద్దెకున్నారా అన్నది అక్కర్లేదు. ఉదయం ఏడున్నరకు కార్ల లైను ఎలా ఉంటుందో, బాబు ఇంటికొచ్చి ఏం చెబుతాడో, మీ ఆఫీసు దారి ఎలా ఉంటుందో ఏడాదిలో తెలుస్తుంది. తర్వాత కొనేది ఏ వీధిలో అన్నది కూడా తెలిసి కొంటారు.

అద్దెకు దిగితే, కొత్త అడ్రస్ ఉన్న లీజు కాగితం, కరెంటు బిల్లు, బాబు బర్త్ సర్టిఫికెట్, టీకాల రికార్డు సిద్ధం చేసుకోండి. సెప్టెంబరు 1 నాటికి ఐదేళ్ళు నిండితేనే కిండర్‌గార్టెన్‌లో చేర్చుకుంటారు, బాబు పుట్టినరోజు దానికి ఇటుందో అటుందో చూసుకోండి. మీ అపార్ట్‌మెంట్ ఏ డిస్ట్రిక్ట్‌లో ఉందో తేలాక ఇక్కడే రాయండి, అడ్రస్ మాత్రం పెట్టకండి. ఆ సెలైనా ఇంటి ట్యాక్స్ రేటు, పిడ్ వివరాలు కూడా దొరికితే రెండిటి నెల ఖర్చు పక్కపక్కన వేసి చూపిస్తాను.